సొంతిల్లు గీయించుకునే ముందు ఆర్కిటెక్ట్‌కు ఏం చెప్పాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. స్థలం కొన్నారు. మీరిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు పిల్లలు, డెబ్బై దాటిన అమ్మానాన్నలు మీతోనే ఉంటారు. ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్లే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి, మీరే ఒక ప్లాన్ గీసి ఇస్తే పని త్వరగా అవుతుందా, రెడీమేడ్ ప్లాన్లు దొరుకుతుండగా ఫీజు కట్టడం దేనికి, కట్టడం మొదలయ్యాక ఖర్చు చేయి దాటిపోకుండా ఎలా చూసుకోవాలి అని అడిగారు. నాన్నగారు మోకాళ్ల నొప్పులున్నా పై అంతస్తులో బాల్కనీ ఉన్న గదే కావాలంటున్నారని, ఆ విషయంలో ఇంట్లో రోజూ వాదన జరుగుతోందని కూడా రాశారు. నేను పాతికేళ్లుగా ఇళ్లు గీస్తున్నాను. ఇలాంటి కుటుంబాలతోనే ఎక్కువ పని చేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా, గదులు గీసుకుని తీసుకెళ్లకండి. మీకు చేతకాదని కాదు. ఒకసారి కాగితం మీద గీత పడ్డాక మనసు దాన్ని వదలదు. హాలు ఇక్కడ, వంటగది అక్కడ అని మీరు చూపిస్తే ఆర్కిటెక్ట్ ఆ గీతల్ని సరిచేయడంలో పడిపోతారు. ఆ హాలు అసలు అక్కడే ఎందుకు ఉండాలి, అంత పెద్దది ఎందుకు కావాలి అని అడిగే సందర్భమే రాదు. మీ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో మీకు తప్ప ఎవరికీ తెలియదు. ఎంత అనుభవమున్న ఆర్కిటెక్టైనా అది ఊహించలేరు. దాన్ని రాసి తీసుకెళ్లండి.

ఒక మామూలు పనిరోజు, ఒక సెలవు రోజు, చుట్టాలు వచ్చిన రోజు. ఈ మూడింటినీ లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా రాయండి. ఎవరు ముందు లేస్తారు? వాళ్లు లైటు వేస్తే ఎవరి నిద్ర చెడుతుంది? స్నానాల దగ్గర ఏ వేళకు తొందర? ఉతికిన బట్టలు ఎక్కడ ఆరతాయి, మడతపెట్టేదాకా ఏ కుర్చీ మీద గుట్టగా పడుంటాయి? చెప్పులు, బ్యాగులు, తాళాలు లోపలికి రాగానే ఎక్కడ వదిలేస్తారు? మీరు ఇంటి నుంచి మీటింగులో ఉన్నప్పుడు టీవీ ముందు ఎవరుంటారు? పిల్లలు ఒంటరిగా కూర్చుని చదువుతారా, పక్కన ఎవరో ఒకరు ఉంటేనే చదువుతారా? అందరూ విడివిడిగా రాయాలి, పిల్లలతో సహా. కలిసి కూర్చుని రాస్తే గట్టిగా మాట్లాడేవాళ్ల ఇల్లే తయారవుతుంది.

ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చి 400 చదరపు అడుగుల హాలు కావాలన్నారు. రోజు రాసి తెమ్మన్నాను. నలుగురి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఇంట్లో సాయంత్రమంతా భోజనాల బల్ల చుట్టూనే గడుస్తోంది. పిల్లల హోంవర్కు అక్కడే, బిల్లులు కట్టడం అక్కడే, కబుర్లు అక్కడే. హాల్లో కూర్చునేది వారానికి ఒకటి రెండుసార్లు, అదీ ఎవరైనా వస్తే. చివరికి హాలు చిన్నదైంది. బల్ల ఉన్న చోటు పెద్దదై, రెండు వైపులా కిటికీలు, ఒక గోడంతా పుస్తకాల అరలు, పక్కనే చిన్న అరుగు వచ్చాయి. ఆ కుటుంబం మొదట ఇచ్చిన గదుల జాబితాలో ఇదేమీ లేదు.

ఫోటోల సంగతి. ఫోన్లో వందల ఫోటోలు దాచుకున్నామన్నారు. అందులోంచి పది ఎంచండి. ఒక్కోదాని కింద అందులో మీకు ఏం నచ్చిందో ఒక్క వాక్యం రాయండి. 'ఈ హాలు బాగుంది' అని రాస్తే మాకు ఉపయోగం ఉండదు. వెలుతురు నచ్చిందా, చెక్క రంగు నచ్చిందా, వస్తువులు తక్కువగా ఉండటం నచ్చిందా? ఒకావిడ రెండంతస్తుల ఎత్తున్న హాలు ఫోటో చూపించి అలాంటిదే కావాలని పట్టుబట్టారు. మాట్లాడగా మాట్లాడగా తేలిందేమిటంటే, ఆవిడకు నచ్చింది పైనుంచి జారే వెలుగు. అంత ఎత్తు హాలు కడితే కింద టీవీ మోత పై పడకగదుల్లోకి వెళ్తుంది, గదిని చల్లగానో వెచ్చగానో ఉంచడానికి కరెంటు ఎక్కువ కాలుతుంది, పైన ఒక గదికి సరిపడా చోటు పోతుంది. మామూలు ఎత్తు గదికే పైకప్పు అంచున సన్నటి కిటికీ పెట్టి ఆ వెలుగు తెచ్చాం. మీకు నచ్చిన కారణం దొరికితే దాన్ని చేరే దారులు చాలా ఉంటాయి.

మీరు రాసిన కాగితాలు ఎంత ముఖ్యమో స్థలం కూడా అంతే. సర్వేయరుతో కొలిపించి హద్దులు, మూలల కోణాలు, ఎత్తుపల్లాలు, రోడ్డు మట్టం, చెట్లు, మురుగు కాలువ ఎక్కడుందో అన్నీ ఉన్న డ్రాయింగ్ చేయించండి. చూడటానికి చదునుగా ఉన్న స్థలంలో కూడా ఒక మూల నుంచి ఇంకో మూలకు రెండు మూడడుగుల తేడా ఉండొచ్చు. పునాది ఎంత లేపాలి, వాన నీళ్లు ఎటు పోతాయి అన్నవి ఆ తేడాను బట్టే తేలతాయి. మట్టి పరీక్ష కూడా తప్పకుండా చేయించండి. తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి, ఎప్పుడో గుంత పూడ్చిన మట్టి పైకి మామూలు నేలలాగే కనిపిస్తాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు పునాది లెక్క కట్టాలంటే ఆ నేల ఎంత బరువు మోస్తుందో తెలియాలి. పరీక్ష లేకపోతే ఆయన ఊహించాల్సి వస్తుంది. ఊహించినప్పుడు జాగ్రత్త కోసం ఇనుము ఎక్కువ వేస్తారు, లేదా తక్కువ వేసి పగుళ్లు తెస్తారు. రెండూ మీకు నష్టమే.

స్థానిక నిబంధనలు కూడా మొదటి గీతకు ముందే తెలియాలి. చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఎంత ఎత్తు వెళ్లొచ్చు, స్థలంలో ఎంత భాగం కట్టొచ్చు అన్నవి ఎక్కడికక్కడ మారతాయి. వాటిని పక్కన పెట్టి గీసిన ప్లాన్ మీద ఆశ పెంచుకుంటే తర్వాత కోసేటప్పుడు బాధగా ఉంటుంది.

వీలైతే ఆర్కిటెక్ట్‌తో కలిసి స్థలంలో మూడు వేళల్లో గంటసేపు కూర్చోండి: పొద్దున, మధ్యాహ్నం, చీకటి పడ్డాక. గాలి ఎటునుంచి వస్తోంది, పక్కింటి కిటికీలు ఎటు చూస్తున్నాయి, రాత్రి ఏ వీధి దీపం నేరుగా లోపలికి పడుతుంది, బండ్ల మోత ఎటు. ఎండ గురించి ఒక్క విషయం పట్టుకుంటే సగం డిజైన్ అర్థమవుతుంది. మధ్యాహ్నం ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి కిటికీ మీద అడ్డంగా ఉన్న సన్‌షేడ్ దాన్ని ఆపగలదు. సాయంత్రం పడమటి ఎండ కిందకు వాలి నేరుగా గదిలోకి దూరుతుంది. దాన్ని ఎంత పొడుగు సన్‌షేడ్ పెట్టినా ఆపలేరు. అటువైపు కిటికీలు తగ్గించాలి, నిలువు పలకలు పెట్టాలి, చెట్టో వరండానో అడ్డం రావాలి. స్టోరు, బాత్రూములు, మెట్లు లాంటివి అటు వేస్తే పడకగదులకు అవే కవచంలా పనిచేస్తాయి. చలిదేశాల్లో లెక్క తిరగబడుతుంది, అక్కడ ఎండను లోపలికి పిలవాలి. భూమధ్యరేఖకు ఉత్తరాన దక్షిణపు గోడ మీద, దక్షిణాన ఉత్తరపు గోడ మీద ఎక్కువసేపు ఎండ ఉంటుంది. రెడీమేడ్ ప్లాన్‌తో నా అభ్యంతరం ఇదే. అది గీసినవాళ్లకు మీ స్థలం ఎటు తిరిగి ఉందో తెలియదు, మీ నాన్నగారి మోకాళ్ల గురించి తెలియదు. అలాంటి ప్లాన్లు చూడొద్దనను. గదుల కొలతలకు అలవాటు పడటానికి బాగా పనికొస్తాయి.

ఇక డబ్బు. మీ దగ్గర ఎంత ఉందో ఆర్కిటెక్ట్‌కు నిజం చెప్పండి. తక్కువ చెబితే అదుపులో ఉంటారని చాలామంది సగం దాస్తారు. అలా చేస్తే ఇరుగ్గా గీసిన ఇంటికి మధ్యలో గదులు అతికించాల్సి వస్తుంది. ఎక్కువ చెబితే అందుకోలేని ఇల్లు గీస్తారు. మొత్తం చెప్పి, అందులో 10 నుంచి 15 శాతం అనుకోని ఖర్చులకు విడిగా పెట్టమనండి. ఆ మిగులును ఎవరూ ముట్టుకోకూడదు, మీరు కూడా.

చదరపు అడుగుకు ఇంత అనే లెక్క మొదటి అంచనాకు తప్ప దేనికీ పనికిరాదు. పడకగదిలో ఒక అడుగు, బాత్రూములో ఒక అడుగు ఒకే ఖర్చుతో తయారవ్వవు. పైపులు, టైల్స్, వాటర్‌ప్రూఫింగ్, కుళాయిలు అన్నీ బాత్రూముల్లో, వంటింట్లోనే ఉంటాయి. తిన్నని నాలుగు మూలల ఇంటికంటే పన్నెండు మూలలున్న ఇంటికి అదే విస్తీర్ణంలో గోడ పొడవు ఎక్కువ, పని ఎక్కువ. పైగా ఆ రేటులో రానివి బోలెడు: సర్వే, మట్టి పరీక్ష, అనుమతులు, ఫీజులు, ప్రహరీ, గేటు, నీటి తొట్టి, కరెంటు కనెక్షన్, అల్మరాలు, లైట్లు, కర్టెన్లు, కట్టినన్నాళ్లూ ఇప్పుడున్న ఇంటి అద్దె, అప్పు తీసుకుంటే దాని వడ్డీ. ఇవన్నీ ముందే ఒక పట్టికలో రాసుకోండి.

విస్తీర్ణం లెక్కలో కూడా పొరపాటు పడతారు. లోపల 10 అడుగులకు 12 అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. చుట్టూ 9 అంగుళాల గోడ వేస్తే బయటి కొలత పదకొండున్నరకు పదమూడున్నర, అంటే 155 పైనే. గోడలు పక్క గదులతో పంచుకుంటాయి కాబట్టి అన్ని గదులకూ అంత తేడా రాదు. కానీ నడవాలు, మెట్లు, పైపులు వెళ్లే డక్టులు వచ్చి కలుస్తాయి. నేనైతే గదుల లోపలి కొలతలు కూడి, వచ్చినదానికి మూడో వంతు కలిపి మొదటి అంచనా వేస్తాను. మీ జాబితాతో ఈ లెక్క ఇవాళే చేసి చూడండి. మీరు అనుకున్నదానికంటే పెద్దదే వస్తుంది. అప్పుడు నాసిరకం కిటికీలు పెట్టి పెద్ద ఇల్లు కట్టడం కంటే ఒక గది తీసేసి మిగతావి బాగా కట్టమని నా సలహా. ఏడాదికి నాలుగు రాత్రులు వాడే అతిథుల గదికి ఎప్పుడూ ఒక గోడ, ఒక కప్పు, ఒక బాత్రూము కావాలి. అదే గది మీకు ఆఫీసు గదిగా పనికొచ్చి, మడత మంచం వేస్తే అతిథుల గది కావొచ్చు.

ఆర్కిటెక్ట్‌ను ఎంచేటప్పుడు కొత్త ఇళ్ల ఫోటోలు చూసి నిర్ణయించకండి. ఆయన కట్టి మూడు నాలుగేళ్లయిన ఇల్లు చూపించమనండి. ఆ ఇంటివాళ్లతో ఆయన లేనప్పుడు మాట్లాడండి. వానాకాలంలో ఎక్కడైనా చెమ్మ వచ్చిందా, వేసవిలో ఏ గది వాడలేకపోతున్నారు, ఫోన్ చేస్తే ఎత్తేవారా, తప్పు జరిగితే ఒప్పుకున్నారా? అసలు గీసేది ఆయనేనా, ఆఫీసులో ఇంకెవరైనానా అని కూడా అడగండి. ఇంకొకరు గీయడం తప్పు కాదు, ఆ మనిషిని మీరూ కలవాలి. మీరు చెప్పేది వింటున్నప్పుడు ఆయన ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారో గమనించండి. మొదటి అరగంటలోనే పరిష్కారం చెప్పేవాళ్ల దగ్గర నాకు భయం.

ఫీజు మొత్తం ఖర్చులో ఇంత శాతమనీ, ఒకే మొత్తంగాననీ, చదరపు అడుగుకు ఇంతనీ, గంటలకనీ రకరకాలుగా ఉంటుంది. శాతం పద్ధతి అయితే ఖర్చు పెరిగినకొద్దీ ఫీజూ పెరుగుతుంది కాబట్టి, ఇద్దరూ ఒప్పుకున్న అంచనా మీద దాన్ని ఖాయం చేసుకోండి. ఏ పద్ధతైనా రాతపూర్వక ఒప్పందం ఉండాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ డ్రాయింగులు అందులో ఉన్నాయా, ఎన్ని మార్పులు ఉచితం, సైటుకు ఎన్నిసార్లు వస్తారు, ఏ దశకు ఎంత చెల్లించాలి, మధ్యలో విడిపోతే డ్రాయింగులు ఎవరివి అన్నవి స్పష్టంగా రాయించండి.

ఫీజు దేనికని అడిగారు కదా. బ్రిటన్‌లోని ఆర్కిటెక్టుల సంస్థ 'రిబా' 1963లో ఒక పని దశల పట్టిక తయారుచేసింది. ఇప్పుడందులో 0 నుంచి 7 వరకు 8 దశలున్నాయి. కట్టడం వచ్చేది 5వ దశలో. అంతకుముందు ఉన్న ఐదు దశలూ ఆలోచించడానికి, గీయడానికి, లెక్కలు సరిచూడటానికే. సున్నా దశలో అయితే అసలు కొత్తగా కట్టడం అవసరమా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. మీరు ఫీజు ఇచ్చేది ఎక్కువగా ఆ ఐదు దశల పనికి. కాగితం మీద గోడ జరపడానికి పది నిమిషాలు పడుతుంది. లేచిన గోడ జరపాలంటే కూలి, సామాను, రోజులు, గొడవ. తొందరపడి ఆరు వారాల్లో డ్రాయింగులు కావాలని అడిగేవాళ్లకు నేను సాధారణంగా ఒప్పుకోను. ఒక కుటుంబ గృహానికి నాలుగు నుంచి ఆరు నెలలు డిజైన్‌కే ఇవ్వండి.

మొదటి ప్లాన్ మీ చేతికొచ్చాక ఎలివేషన్, అంటే ఇల్లు బయటినుంచి ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మ అడగకండి, ముందు ప్లాన్ చదవండి. మంచాలు, అల్మరాలు, బల్లలు అసలు కొలతలతో గీసి ఇమ్మనండి. ఇద్దరు పడుకునే మంచం 5 అడుగులకు ఆరున్నర అడుగులుంటుంది, పక్కన నడవడానికి కనీసం 2 అడుగులు కావాలి. బట్టల అల్మరా లోతు 2 అడుగులు, దాని తలుపు తెరుచుకోవడానికి ఇంకో 2 అడుగులు. కుర్చీ వెనక్కి జరిపి లేవాలంటే బల్ల అంచు నుంచి గోడకు 3 అడుగులు ఉంటే హాయి. ఈ లెక్క చూశాక పెద్దదనుకున్న గది ఇరుగ్గా మారొచ్చు, చిన్నదనుకున్నది సరిపోవచ్చు. తర్వాత మీరు రాసిన రోజును ప్లాన్ మీద వేలితో నడవండి. వానలో చేతినిండా సంచులతో బండి దగ్గర్నుంచి వంటగదికి. నిద్రలో లేచి బాత్రూముకు. ముందు గదిలో కొత్తవాళ్లు కూర్చుని ఉండగా పడకగది నుంచి స్నానానికి. ఎక్కడ వేలు ఆగిందో అక్కడ గుర్తు పెట్టండి.

ప్లాన్ చదవడం కష్టంగా ఉంటే నేల మీద ముగ్గుపిండితో అసలు కొలతల్లో గీసి అందులో నిలబడండి. నేను ప్రతి ఇంటికీ ఇది చేయిస్తాను. అరగంటలో తేలే విషయాలు పది మీటింగుల్లో తేలవు.

వంటగది గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో అడుగులు ఎక్కువ పడేది అక్కడే. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెట్ షూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ చిన్న ఇళ్ల కోసం ఒక వంటగది గీశారు. సుమారు 1.9 మీటర్లకు 3.4 మీటర్లు, అంతే. పనిచేసేవాళ్ల కదలికల్ని లెక్కగట్టి ఏ వస్తువు చేతికి ఎక్కడ అందాలో నిర్ణయించారు. అలాంటివి దాదాపు 10 వేల ఇళ్లలో పెట్టారు. చోటు పెద్దదైతే పని సులువవుతుందనుకోవడం పొరపాటని నాకు అర్థమైంది ఆ వంటగది చూశాకే. పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఈ మూడింటి మధ్య నడక మొత్తం కలిపి 4 నుంచి 8 మీటర్లలోపు ఉండాలనేది ఆర్కిటెక్టులు చాలాకాలంగా పాటిస్తున్న కొలత. మీ ఇంట్లో ఇద్దరు కలిసి వంట చేస్తారా, ఒకరేనా అన్నది చెప్పండి. ఇద్దరైతే గట్ల మధ్య కనీసం 4 అడుగులు వదలాలి. గట్టు ఎత్తు 850 నుంచి 900 మిల్లీమీటర్లని అందరికీ వేసేస్తారు. ఎక్కువగా వంట చేసేవాళ్ల మోచేయి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, దానికి నాలుగైదు అంగుళాల కిందకు పెట్టించండి. నడుము నొప్పి తగ్గుతుంది.

మెట్ల విషయంలో రాజీపడకండి. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్వా బ్లాండెల్ అనే ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ మనిషి అడుగు పొడవును బట్టి ఒక లెక్క చెప్పాడు. ఇప్పటికీ అదే వాడుతున్నాం: మెట్టు ఎత్తుకు రెట్టింపు, దానికి మెట్టు వెడల్పు కలిపితే 600 నుంచి 640 మిల్లీమీటర్ల మధ్య రావాలి. ఎత్తు 165, వెడల్పు 280 అనుకుంటే 610 వస్తుంది, పిల్లలకూ పెద్దలకూ సుఖం. అంతస్తు ఎత్తు 3 మీటర్లయితే ఇలాంటివి 18 కావాలి. చోటు మిగల్చాలని 200 ఎత్తున 15 మెట్లు వేసినవాళ్లున్నారు. రోజూ ఎక్కినప్పుడల్లా ఆ మిగుల్చుకున్న చోటు గుర్తొస్తుంది. అన్ని మెట్లూ ఒకే ఎత్తుండాలి, ముఖ్యంగా మొదటిదీ చివరిదీ. ఫ్లోరింగ్ మందం లెక్కలో మర్చిపోతే ఆ రెండు చోట్లే తేడా వస్తుంది, జనం జారిపడేదీ అక్కడే.

ప్లాన్ ఖాయమయ్యాక వర్కింగ్ డ్రాయింగ్స్, అంటే సైటులో చూసి కట్టడానికి వీలుగా అన్ని వివరాలూ ఉన్న డ్రాయింగులు పూర్తిగా రాకుండా పని మొదలుపెట్టకండి. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టినప్పుడు చేసిన ఒక తప్పు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. పునాది వేసేద్దామని ఇంటివాళ్లు తొందరపడ్డారు, నేను ఒప్పుకున్నాను. ప్లంబింగ్ డ్రాయింగ్ స్లాబు పడ్డాక ఇచ్చాను. పై బాత్రూము మురుగు పైపుకు వాలు ఇవ్వాలంటే బీము అడ్డం వచ్చింది. బీముకు రంధ్రం కొట్టకూడదు. పైపును దాని కిందుగా తిప్పి, కనిపించకుండా భోజనాల గది కప్పుకు ఫాల్స్ సీలింగ్ వేశాం. అంత చక్కటి గదిలో ఎత్తు ఏడడుగులకు పడిపోయింది. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఏ ఇంటికైనా బీములు, పైపులు, కరెంటు, ఏసీ అన్నీ ఒకే డ్రాయింగ్ మీద ఒకదాని మీద ఒకటి పెట్టి చూడకుండా స్లాబుకు ఒప్పుకోలేదు. మీ ఆర్కిటెక్ట్‌ను కూడా అది అడగండి. బాత్రూములు ఒకదానిపైన ఒకటి, వంటగదికి దగ్గరగా వచ్చేలా చూస్తే ఇలాంటి చిక్కులు చాలావరకు రావు.

డ్రాయింగులు పూర్తయితేనే పరిమాణాల పట్టిక తయారవుతుంది. ఇటుక పని ఎన్ని ఘనపు మీటర్లు, ప్లాస్టరింగ్ ఎన్ని చదరపు మీటర్లు, ఏ కంపెనీ వైరు, ఏ మందం తలుపు అన్నీ అందులో ఉంటాయి. అదే పట్టికను ముగ్గురు కాంట్రాక్టర్లకు ఇస్తే వాళ్ల రేట్లను పోల్చగలరు. పట్టిక లేకుండా ముగ్గురిని అడిగితే ముగ్గురూ మూడు వేర్వేరు ఇళ్లకు ధర చెబుతారు. మిగతావాళ్లకంటే బాగా తక్కువ చెప్పినవాళ్లు ఏదో వదిలేశారని అర్థం, ఏం వదిలారో అడగండి. చివర్లో ఇవ్వడానికి బిల్లుల్లోంచి 5 నుంచి 10 శాతం ఆపుకోవడం, ఇల్లు అప్పగించాక ఆరు నెలల నుంచి ఏడాది దాకా లోపాలు సరిచేసే బాధ్యత వాళ్లదేనని ఒప్పందంలో రాయించడం మర్చిపోకండి.

కట్టేటప్పుడు ఖర్చు చేయి దాటేది చాలావరకు మన మార్పుల వల్లే. మార్పు వద్దనను. కానీ ఏ మార్పైనా నోటిమాటగా మేస్త్రికి చెప్పకండి. ఆర్కిటెక్ట్‌కు చెప్పి, దాని ఖర్చు ఎంత, ఎన్ని రోజులు పెరుగుతుందో కాగితం మీద చూసి సంతకం పెట్టండి. సంతకం పెట్టేముందు సగం మార్పులు అనవసరమనిపిస్తాయి. నేల మీద ఇంటి గీతలు వేసే మార్కింగ్ రోజు, స్లాబుకు ఇనుము కట్టాక కాంక్రీటు పోయకముందు, ప్లాస్టరింగుకు ముందు, ఈ మూడుసార్లూ ఆర్కిటెక్ట్, ఇంజనీరు సైటులో ఉండాలి. కాంక్రీటు పూర్తి బలాన్ని 28 రోజుల లెక్కన చూస్తారు, తొలి వారం పది రోజులు నీళ్లతో తడపడం మీదే ఆ బలం ఆధారపడుతుంది. గోడల్లో పైపులు, వైర్లు వేశాక ప్లాస్టర్ చేయకముందు ప్రతి గోడకూ టేపు పెట్టి ఫోటోలు తీసి దాచండి. పదేళ్ల తర్వాత మేకు కొట్టాలన్నా అవి కావాలి. బాత్రూముల్లో టైల్స్ వేయకముందు నీళ్లు నిలిపి కనీసం 24 గంటలు చూడండి, కింద కప్పు మీద చెమ్మ రాకపోతేనే ముందుకు వెళ్లనివ్వండి.

చివరగా నాన్నగారి గది. దీన్ని వాదనతో తేల్చలేరండి. బాల్కనీలో ఆయనకు ఏం కావాలో అడగండి. దారిన పోయేవాళ్లను చూడటమా, పొద్దుటి ఎండా, ఇంట్లో సందడికి దూరంగా కాసేపు ఉండటమా? ఆ మూడూ కింద కూడా ఇవ్వొచ్చు. వీధి వైపు తూర్పుకు తెరుచుకునే గది, దాని ముందు నేల కంటే రెండడుగుల ఎత్తున వరండా, వెనక్కి ఆనుకుని కూర్చునే వెడల్పాటి అరుగు. ఆ గదికి ఎలాగూ 3 అడుగుల తలుపులు, గడప లేని బాత్రూము, లోపల చక్రాల కుర్చీ తిరిగేంత, అంటే ఒకటిన్నర మీటర్ల ఖాళీ పెట్టించండి. బాత్రూము గోడలో పట్టుకునే కడ్డీ బిగించే చోట గట్టి ఇటుక పని ఉండాలి. వరండాకు మెట్లతో పాటు ర్యాంపు కూడా వేస్తే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి, రెండడుగులకు 24. దానికి చోటు ఇప్పుడే వదిలితేనే దొరుకుతుంది.

అయినా ఆయన పైగదే కావాలంటే కాదనకండి. అప్పుడు ఆర్కిటెక్ట్‌కు ఇంకో మాట చెప్పండి: రెండంతస్తుల్లోనూ ఒకదానిపైన ఒకటి వచ్చేలా ఒకటిన్నర మీటర్లకు ఒకటిన్నర మీటర్ల స్టోరు గదులు గీయమనండి. వాటి మధ్య స్లాబు ముక్కకు చుట్టూ బీములు వేసి, తర్వాత కోసినా ఇంటికి ఏమీ కానట్టు ఇంజనీరుతో లెక్క కట్టించండి. అడుగున లిఫ్టు గుంతకు చోటు ఉంచి పైన మామూలు గచ్చు వేయించండి. ఇవాళ అవి సామాన్ల గదులు. నాన్నగారికి మెట్లు కష్టమైన రోజున అక్కడే లిఫ్టు పెట్టుకోవచ్చు. మొదటి మీటింగుకు ఆయన్ను కూడా తీసుకెళ్లండి, బాల్కనీ సంగతి ఆయన నోటితోనే చెప్పనివ్వండి.